తెలుగు సినిమాలో అజ్ఞాతవాసం

కథానాయకుడు తన పేరును, పుట్టుకను, బలాన్ని దాచుకుని సామాన్యుడిలా బతకడం, ఓర్పు నశించిన ఘడియలో అసలు రూపంతో బయటపడటం తెలుగు జనప్రియ చిత్రాల్లో తరచుగా కనిపించే కథాంశం. హోటల్లో పనివాడు, కాశీలో టాక్సీ నడిపేవాడు, డాన్సు నేర్పే మాస్టారు, అత్తగారింట్లో డ్రైవరు... వేషం ఏదైనా కథ నడక ఒకటే. తెలుగు ప్రేక్షకులు ఏళ్ల తరబడి తలచుకునే సన్నివేశాల్లో చాలా భాగం ఇలా బయటపడే ఘట్టాలే. పరిశ్రమలో వీటిని ఎలివేషన్ సన్నివేశాలంటారు. సగం సినిమా దగ్గర వస్తే ఇంటర్వెల్ బ్యాంగ్ అంటారు.

ఈ ఘట్టాలు ప్రేక్షకుణ్ణి ఆశ్చర్యపరచడానికి రాసినవి కావు. హీరో సామాన్యుడు కాడని హాల్లో కూర్చున్నవాళ్లకు మొదటి రీలు నుంచే తెలుసు, ఆ మాటకొస్తే గోడమీద పోస్టరు చూసినప్పుడే తెలుసు. తెలియనిది తెరమీది పాత్రలకే. ప్రేక్షకుడికి తెలిసినదానికీ ప్రతినాయకుడికి తెలియనిదానికీ మధ్య ఉన్న ఎడాన్ని దర్శకుడు ఎంతసేపు, ఎంత ఓపికగా నిలపగలడన్నదాని మీదే సన్నివేశం బలం ఆధారపడి ఉంటుంది.

విరాటపర్వం

ఈ కథాంశానికి తెలుగునాట తొలి నమూనా మహాభారతంలోని విరాటపర్వం. పన్నెండేళ్ల వనవాసం ముగిశాక పాండవులు ఒక ఏడాది ఎవరి కంటా పడకుండా గడపాలి. ధర్మరాజు కంకుభట్టుగా విరాటరాజుతో జూదమాడతాడు. భీముడు వలలుడనే పేరుతో వంటశాలలో చేరతాడు. అర్జునుడు బృహన్నలగా రాకుమారి ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను చూసుకుంటారు. ద్రౌపది సైరంధ్రిగా రాణి సుధేష్ణ కొలువులో ఉంటుంది. ఆయుధాలు మాత్రం ఊరి బయట జమ్మిచెట్టు మీద ఉంటాయి. తిక్కన 13వ శతాబ్దంలో ఈ పర్వంతోనే తన భారత రచనకు శ్రీకారం చుట్టాడు. వానలు కురవాలని విరాటపర్వం చదివించే ఆచారం పల్లెల్లో చాలాకాలం నిలిచింది. తోలుబొమ్మలాటల్లో, వీధి భాగవతాల్లో కూడా ఇది జనం అడిగి ఆడించుకున్న కథ. కాబట్టి సినిమా పుట్టేనాటికే ఈ కథలో ఎక్కడ పళ్లు బిగబట్టాలో, ఎక్కడ ఊపిరి వదలాలో తెలుగు ప్రేక్షకుడికి తెలుసు.

తర్వాతి సినిమాలు వాడుకున్న ముడిసరుకంతా ఈ పర్వంలోనే ఉంది. కీచకుడు సైరంధ్రిని నిండు కొలువులో తన్నినప్పుడు భీముడు అక్కడే ఉంటాడు. అన్న కనుసైగతో ఆపకపోతే ఆ క్షణమే అందరి గుట్టూ బయటపడేది. బలం ఉండీ వాడలేని ఆ నిస్సహాయత, ఆపే పెద్దమనిషి, తర్వాత చీకట్లో నర్తనశాలలో తీరే పగ ఒక వరస. ఉత్తర గోగ్రహణం రెండో వరస. డంబాలు పలికిన ఉత్తరకుమారుడు కౌరవసేనను చూసి రథం దిగి పరుగెడితే, సారథిగా వచ్చిన బృహన్నల అతణ్ణి పట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి తీసుకువెళ్లి తానెవరో చెబుతాడు. మొదటిది కోపంతో బయటపడటం, రెండోది గర్వంగా బయటపడటం. తెలుగు మాస్ సినిమా ఈ రెంటినీ ఒకే సన్నివేశంలో కలపడం తర్వాత నేర్చుకుంది.

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 1963లో వచ్చిన 'నర్తనశాల' ఈ పర్వానికి తెరమీద నిలిచిపోయిన రూపం. బృహన్నలగా ఎన్టీ రామారావు, సైరంధ్రిగా సావిత్రి, కీచకుడిగా ఎస్వీ రంగారావు, ఉత్తరకుమారుడిగా రేలంగి నటించారు. అప్పటికే వీరపాత్రల్లో జనం గుండెల్లో నిలిచిన నటుడు నడకలో, చేతుల కదలికలో ఆడతనం నింపుకుని కనబడటం సాహసం. ఆ సాహసం వల్లనే గోగ్రహణ ఘట్టంలో గాండీవం చేతికి రావడం అంత పండింది. కీచక పాత్రకు రంగారావు జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నారు.

ఇంట్లో దూరిన వేషాలు

సాంఘిక చిత్రాల్లో అజ్ఞాతవాసం మొదట హాస్యంగానే వచ్చింది. విజయా సంస్థ తీసిన 'మిస్సమ్మ' (1955)లో ఉద్యోగం కోసం ఇద్దరు అపరిచితులు భార్యాభర్తలుగా నటిస్తూ అప్పాపురం జమీందారు ఇంట చేరతారు. ఆ దాపరికం ప్రేక్షకుడికి తెలుసు, జమీందారుకు తెలియదు. దానికి అడుగున మరో దాపరికం ఉంది. మేరీ అన్న పేరుతో పెరిగిన ఆ అమ్మాయే ఏనాడో తప్పిపోయిన జమీందారు కూతురని ఆమెకే తెలియదు. ఒక అబద్ధం విప్పబోతే దాని వెనకనుంచి ఒక నిజం బయటపడే ఈ అల్లిక కథనంలో ఇప్పటికీ పాఠంగా చెప్పదగ్గది.

'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో మెలగడం ఈ కోవలోని అత్యుత్తమ నటనకు తావిచ్చింది. శశిరేఖ ఒంట్లో రాక్షసుడున్న సంగతిని సావిత్రి ఒక్క మాట లేకుండా భుజాల విరుపులో, మీసం దువ్వబోయే చేతిలో, ఉలిక్కిపడి సర్దుకునే చూపులో చూపించింది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడు హడలిపోయే ఘట్టంలో రేలంగి ప్రతిస్పందన దానికి సరిజోడు. గుట్టు రట్టు చేసే సన్నివేశాన్ని పోరాటం లేకుండా, కేవలం అభినయంతో ఇంతగా రక్తి కట్టించిన చిత్రం తెలుగులో మరొకటి లేదనే చెప్పాలి.

'గుండమ్మ కథ' (1962) ఈ కథాంశాన్ని తెలుగు ఇంటి నడవలోకి తెచ్చింది. బి.విఠలాచార్య కన్నడంలో తీసిన చిత్రం దీనికి ఆధారం. శ్రీమంతుడి కొడుకు అంజిగా వేషం మార్చి గుండమ్మ ఇంట నౌకరుగా చేరి, పిండి రుబ్బుతాడు, చాకిరీ చేస్తాడు, సవతి తల్లి చేతిలో నలిగే లక్ష్మి మనసు గెలుస్తాడు. సూర్యకాంతం గద్దింపులకు రామారావు అమాయకంగా తల ఊపుతుంటే హాలు నవ్వింది. అంజి ఎవరో ప్రేక్షకుడికి తెలియడం వల్ల వచ్చిన నవ్వు అది. ఇక్కడ అజ్ఞాతవాసం శిక్ష కాదు, పరీక్ష. పెద్దింటివాడు పనివాడి స్థానంలో నిలబడి ఇంటి లోపలి అన్యాయాన్ని చూస్తాడు. తర్వాత వచ్చిన ఇలాంటి చిత్రాలు చాలావరకు ఈ పరీక్ష భాగాన్ని వదిలేసి, సరదాను మాత్రమే తీసుకున్నాయి.

ఇద్దరు రాముళ్లు

పోలికలున్న ఇద్దరు ఒకరి స్థానంలోకి ఒకరు రావడం అజ్ఞాతవాసానికి దగ్గరి చుట్టం. డి.రామానాయుడు నిర్మించగా తాపీ చాణక్య దర్శకత్వం వహించిన 'రాముడు భీముడు' (1964) దీనికి దారి వేసింది. డి.వి.నరసరాజు రాసిన ఈ కథలో పిరికి రాముడు బావ చేతి కొరడా దెబ్బలు తిని ఇల్లు విడిచిపోతాడు. అదే కొరడాకు ఎదురుగా తర్వాత నిలబడేది అతని పోలికలే ఉన్న భీముడు. కొట్టేవాడికి ఆ సంగతి తెలియదు. కొరడా చేతులు మారే సన్నివేశం కోసమే జనం మళ్లీ మళ్లీ హాలుకు వెళ్లారు. తమిళంలో ఎంజీఆర్, హిందీలో దిలీప్ కుమార్ ఇదే కథతో విజయాలు అందుకున్నారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని ఆ రోజుల్లో కెమెరా కటకంలో సగం మూసి ఒక పాత్రను చిత్రించి, ఫిల్మును వెనక్కి తిప్పి, మిగతా సగం తెరిచి రెండో పాత్రను చిత్రించేవారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత కనబడేది. ఇ.వి.వి.సత్యనారాయణ తీసిన 'హలో బ్రదర్' (1994) కవలల సరదాకు మరో ఎత్తు.

1960, 70 దశకాల అపరాధ పరిశోధన చిత్రాల్లో మారువేషం మామూలు సంగతి. గడ్డం, నల్ల కళ్లద్దాలు, బుగ్గమీద పులిపిరి పెట్టుకున్న హీరోను ప్రతినాయకుడు గుర్తుపట్టడు, బాల్కనీ చివరి వరసలో ఉన్న పిల్లవాడు గుర్తుపడతాడు. ఈ వేషాలు అవసరానికి వేసుకుని తీసేసేవి కాబట్టి వీటిలో ఓర్పు లేదు, అందువల్ల పెద్ద ఘట్టాలూ పుట్టలేదు.

ఆటోవాలా నుంచి సీమ దొర దాకా

ఇప్పుడు మాస్ సినిమా అనగానే మనసులో మెదిలే అజ్ఞాతవాసం రూపం 1995లో కుదురుకుంది. సురేశ్ కృష్ణ దర్శకత్వంలో రజనీకాంత్ నటించిన తమిళ చిత్రం 'బాషా' తెలుగులోకి అనువాదమై ఇక్కడా విశేషంగా ఆడింది. మాణిక్యం ఆటో నడుపుకుంటూ తమ్ముణ్ణీ చెల్లెళ్లనూ చూసుకుంటాడు. స్తంభానికి కట్టి కొట్టినా చెయ్యెత్తడు. చెల్లెలి వైద్య కళాశాల సీటు కోసం వెళ్లినప్పుడు మాత్రం అద్దాల గదిలో తనకు మరో పేరుందని చెబుతాడు. కెమెరా అద్దానికి ఇవతలే ఉంటుంది, మాటలు వినపడవు. ఎదుటివాడి ముఖం మారడమే కనబడుతుంది. అరుపులు, ఫైట్లు ఏమీ లేకుండా హీరోను ఆకాశానికెత్తిన ఈ సన్నివేశాన్ని అనుకరించినవారు ఎందరో ఉన్నారు గానీ, ఆ నిశ్శబ్దాన్ని నమ్మినవారు తక్కువ.

తెలుగులో ఈ నమూనా రాయలసీమ ఫ్యాక్షన్ కథతో కలిసింది. బి.గోపాల్ దర్శకత్వంలో బాలకృష్ణ నటించిన 'సమరసింహా రెడ్డి' (1999) ఆ కలయికకు గట్టి పునాది. విజయేంద్ర ప్రసాద్ కథకు పరుచూరి సోదరులు మాటలు రాశారు. హోటల్లో పనిచేసే అబ్బులు అసలు సీమలో పేరు చెబితే ఊళ్లు లేచి నిలబడే మనిషి. అదే దర్శకుడు, అదే నటుడు 'నరసింహ నాయుడు' (2001)లో ఇంకో అడుగు ముందుకేశారు. ఈసారి హీరో డాన్సు మాస్టారు. ఆయుధం పట్టిన చేయి నాట్యం నేర్పుతుండటం బృహన్నల వేషానికి ఇరవయ్యొకటో శతాబ్దపు ప్రతిరూపం. అనుకుని చేశారో లేదో గానీ, ప్రేక్షకుడు ఆ పోలికను వెంటనే అందుకున్నాడు.

'ఇంద్ర' (2002)లో చిరంజీవి కాశీలో శంకర్ నారాయణ పేరుతో టాక్సీ నడుపుతాడు. ఈ చిత్రం అజ్ఞాతవాసానికి ఒక సాక్షిని కూడా కల్పించింది. గుట్టు నోరు దాటకూడదని మూగవాడిగా నటిస్తున్న అనుచరుడి పాత్ర అది, తనికెళ్ల భరణి వేశారు. సమయం వచ్చినప్పుడు ఆ మూగవాడు నోరు విప్పి దొర కథ చెబుతాడు. హీరో తన గొప్ప తానే చెప్పుకుంటే చులకన అవుతాడు, ఇంకొకరు చెప్పాలి. విరాటుడి కొలువులో ధర్మరాజును పరిచయం చేసింది అర్జునుడే. ఫ్లాష్‌బ్యాక్ చెప్పే ఈ సాక్షి ఆ తర్వాత ప్రతి ఫ్యాక్షన్ చిత్రంలోనూ తప్పనిసరి అయ్యాడు. నమ్మిన బంటు గానీ, ముసలి పోలీసు గానీ, పాత పగవాడు గానీ కావచ్చు.

రాజమౌళి 'సింహాద్రి' (2003) సీమను వదిలి కేరళకు వెళ్లింది. విశాఖలో ఒక పెద్దింట్లో నమ్మకంగా పనిచేసే కుర్రాణ్ణి చూసి కేరళ నుంచి వచ్చినవాళ్లు సింగమలై అంటూ వణికిపోతారు. పేరు ఒక ఊళ్లో ఒకటి, ఇంకో ఊళ్లో ఇంకొకటి కావడం ఈ కథలకు ప్రాణం.

ఈ వరస చిత్రాలు చేసిన కీడు కూడా చెప్పుకోవాలి. రాయలసీమ అంటే వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు అన్న బొమ్మను ఇవి మిగతా తెలుగువాళ్ల మనసుల్లో ముద్రించాయి. కరువును, వలసను, నీటి కోసం సీమ పడ్డ పాట్లను పక్కన పెట్టి పగలనే చూపడాన్ని సీమ రచయితలు తప్పుపట్టారు. ఆ అభ్యంతరం న్యాయమైనది. దొర అజ్ఞాతం నుంచి తిరిగి రాగానే ఊరు బాగుపడుతుందన్న ఊహలో ఊరి జనానికి చేతులు కట్టుకుని ఎదురుచూడటం తప్ప మరో పని ఉండదు. 2003 నుంచి వరసగా వచ్చిన అనుకరణలు జనానికి విసుగు పుట్టించాయి. 'పల్నాటి బ్రహ్మనాయుడు' (2003)లో హీరో తొడగొడితే రైలు వెనక్కి వెళ్లే సన్నివేశం ఆ అతికి గుర్తుగా మిగిలింది. ముందు నుంచీ కట్టుకుంటూ రాని బలప్రదర్శన ఎంత పెద్దదైనా నిలవదు.

ఘట్టం ఎలా కడతారు

బయటపడే ఘట్టానికి తయారీ మొదటి అరగంటలోనే మొదలవుతుంది. చొక్కా చేతికింద దాగిన మచ్చ, నిద్రలో ఉలికిపాటు, ఫలానా ఊరి పేరు వినగానే మారే ముఖం, దారిన పోయే ముసలాయన చేతులు జోడించబోతే కంటిచూపుతో ఆపడం... ఇలాంటి చిన్న సూచనలు ప్రేక్షకుడి చేతిలో పెడుతూ పోతారు. తర్వాత అవమానం వస్తుంది. అది హీరోకు జరిగితే అతను ఓర్చుకుంటాడు, అతను కాపాడుకుంటున్న ఆడపిల్లకో పసివాడికో తల్లికో జరిగినప్పుడు ఓర్చుకోడు. ఈ తేడా పాటించని చిత్రాల్లో హీరో కోపం అహంకారంగా కనబడింది.

ఓర్పుకు కారణం కూడా గట్టిగా ఉండాలి. మాట ఇచ్చి ఉండటం అన్నింటికన్నా బలమైన కారణం. ప్రశాంత్ నీల్ దర్శకత్వంలో ప్రభాస్ నటించిన 'సలార్' (2023)లో దేవా తల్లికిచ్చిన మాటకు కట్టుబడి అస్సాంలో అనామకుడిగా బతుకుతాడు. సగం సినిమా దగ్గర అతని చెయ్యి లేవాలంటే తల్లి అనుమతి కావాలి. భీముణ్ణి ఆపిన ధర్మరాజు స్థానంలో ఇక్కడ తల్లి ఉంది.

విశ్రాంతి వేళ ఈ ఘట్టానికి సహజమైన చోటు. రెండున్నర గంటల చిత్రాన్ని మధ్యలో ఆపి జనాన్ని బయటికి పంపే పద్ధతి ఉన్నందువల్ల, టీ తాగుతూ మాట్లాడుకోవడానికి వాళ్లకొక బలమైన బొమ్మ కావాలి. అందుకే హీరో ఎవరన్న ప్రశ్నను గుప్పున లేపి, జవాబును రెండో సగానికి దాచుకుంటారు. నేపథ్య సంగీతం ఇక్కడ సగం పని చేస్తుంది. ముందు వాద్యాలన్నీ ఆగిపోతాయి, ఒక్క అడుగు చప్పుడో గొలుసు చప్పుడో వినిపిస్తుంది, ఆపైన డప్పులు విరుచుకుపడతాయి. హాల్లో కాగితాలు ఎగిరేది అప్పుడే.

ప్రేక్షకుడికీ చెప్పకుండా

గుట్టు ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండాలన్న నియమాన్ని పూరీ జగన్నాథ్ తీసిన 'పోకిరి' (2006) ఉల్లంఘించి గెలిచింది. పండు అనే కిరాయి రౌడీ నిజానికి మారుపేరుతో నేరగాళ్ల మధ్య తిరుగుతున్న పోలీసు అధికారి కృష్ణమనోహర్ అన్న సంగతి చివరి దాకా ప్రేక్షకుడికీ తెలియదు. నాజర్ పోషించిన విశ్రాంత పోలీసు అధికారి అతని తండ్రి అని తెలిసేసరికి కథంతా మరో వెలుగులో కనబడుతుంది. ఇది నిఖార్సైన ఆశ్చర్యం. అయినా ఆ చిత్రం ఒక్క ఆశ్చర్యం మీదే బతికి ఉంటే రెండోసారి ఎవరూ చూసేవారు కాదు. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు వేసిన ప్రత్యేక ప్రదర్శనల్లో హాళ్లు నిండాయి, పాత చిత్రాల పునర్విడుదలల ఒరవడికి అవి ఊపునిచ్చాయి. గుట్టు తెలిసిన జనం యూనిఫాం కనబడే క్షణానికి ముందే కుర్చీల మీద లేచి నిలబడ్డారు. ఆశ్చర్యం చూస్తుండగానే ఎదురుచూపుగా మారింది.

మళ్లీ నవ్వుల ఇంట్లోకి

ఫ్యాక్షన్ వేడి తగ్గాక అజ్ఞాతవాసం మళ్లీ ఇంట్లోకి వచ్చింది. శ్రీను వైట్ల 'ఢీ' (2007), 'రెడీ' (2008) చిత్రాల్లో హీరో అసలు సంగతి దాచుకుని ప్రతినాయకుడి ఇంట్లోనే మకాం పెడతాడు. ఆ ఇంట్లో హీరో ఆటకు తెలియకుండా పావుగా మారేది బ్రహ్మానందం. 'రెడీ'లోని మెక్‌డోవెల్ మూర్తి, 'దూకుడు' (2011)లోని పద్మశ్రీ పాత్రలు ఆ చిత్రాల హీరోలకు దీటుగా గుర్తుండిపోయాయి. పరిశ్రమలో బకరా కామెడీ అన్న ఈ పద్ధతి నాలుగైదేళ్లు రాజ్యమేలి, అనుకరణల భారంతో అణగిపోయింది.

త్రివిక్రమ్ శ్రీనివాస్ 'అత్తారింటికి దారేది' (2013) గుండమ్మ కథ మార్గాన్నే ఎంచుకుంది. వ్యాపార సామ్రాజ్యానికి వారసుడు మేనత్త ఇంట డ్రైవరుగా చేరతాడు. అయితే అతనెవరో తనకు తెలుసని అత్తే సగం సినిమా దగ్గర చెబుతుంది. గుట్టు హీరో విప్పాలని కాచుకున్న ప్రేక్షకుడికి ఇది కొత్త మలుపు. పతాక సన్నివేశం రైల్వేస్టేషన్‌లో జరుగుతుంది, అక్కడ పని చేసేది పోరాటం కాదు. కళ్లనీళ్లతో చెప్పే మాటలే. అదే దర్శకుడి 'అల వైకుంఠపురములో' (2020)లో పొత్తిళ్లలో తారుమారైన బిడ్డ తన ఇంట్లోకే పరాయివాడిగా అడుగుపెడతాడు.

బాహుబలి

రాజమౌళి 'బాహుబలి' రెండు భాగాలు (2015, 2017) ఈ సంప్రదాయమంతటినీ ఒకచోట చేర్చాయి. మొదటి భాగంలో భల్లాలదేవుడి బంగారు విగ్రహాన్ని లేపుతున్నప్పుడు తాళ్లు జారుతాయి. ముఖం దాచుకుని వచ్చిన శివుడు చెయ్యి వేస్తాడు. ఆ ముఖాన్ని చూసిన ఒక ముసలి గొంతు పలికిన పేరు జనమంతా అందుకుంటుంది. రాజు విగ్రహం లేచే వేళ మార్మోగేది చనిపోయినవాడి పేరు. ఆ పేరు తనదేనని శివుడికి ఇంకా తెలియదు. తర్వాత వానలో కత్తి ఎత్తిన కట్టప్ప ఆ ముఖం చూసి మోకరిల్లి, అతని పాదాన్ని తన తలమీద పెట్టుకుంటాడు. ఎవరన్నది మాటల్లో చెప్పకుండా వంగిన తలతో చెప్పిన ఘట్టం ఇది.

రెండో భాగంలోని కుంతల రాజ్య కథ సూటిగా విరాటపర్వమే. శివుడి తండ్రి అమరేంద్రుడు అమాయకుడిగా నటిస్తూ దేవసేన కోటలో చేరతాడు. డంబాలు పలికే కుమారవర్మ ఉత్తరకుమారుడి వారసుడు. పిండారీలు మీద పడినప్పుడు అమరేంద్రుడు బయటపడి ఆ పిరికివాడి చేతే కత్తి పట్టిస్తాడు.

స్త్రీల అజ్ఞాతం

ద్రౌపది కూడా అజ్ఞాతవాసం చేసిందన్న సంగతిని తెలుగు సినిమా తరచుగా మరిచింది. స్త్రీపాత్ర దాగవలసి వచ్చినప్పుడు అది బలాన్ని దాచుకోవడంగా గాక ప్రాణభయంగానే ఎక్కువసార్లు వచ్చింది. గుణశేఖర్ 'ఒక్కడు' (2003)లో అజ్ఞాతవాసం కథానాయికది. ఫ్యాక్షన్ నాయకుడి చేతినుంచి తప్పించుకున్న స్వప్నను అజయ్ చార్మినారు పక్కనున్న తన ఇంట్లో తల్లిదండ్రులకు తెలియకుండా దాస్తాడు. అతను మాత్రం ఏ ఫ్లాష్‌బ్యాకూ లేని కబడ్డీ ఆటగాడు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర అతని తెగువకు వెనక వంశం లేదు, మరో పేరు లేదు. దొరల కథలు ఏలుతున్న రోజుల్లో ఆ సన్నివేశం కుర్రకారుకు అంతగా నచ్చడానికి అదీ ఒక కారణం.

కోడి రామకృష్ణ 'అరుంధతి' (2009) ఈ లోటును కొంత పూడ్చింది. గద్వాల సంస్థానపు ఆడపడుచు తాను పూర్వజన్మలో జేజమ్మనని తెలియకుండానే పెరుగుతుంది. పగవాడైన పశుపతి ఆమెను జేజమ్మగానే గుర్తుపడతాడు. తానెవరో తెలుసుకున్నాక ఆమె నడకలో, చూపులో వచ్చే మార్పును అనుష్క నిలబెట్టిన తీరుకు మగ హీరోల చిత్రాలకు దక్కినట్టే హాళ్లలో ఈలలు దక్కాయి.